తనిఖీ బల్ల దగ్గర బహుళగ్రహణం

టపా వ్రాసి చాలా రోజులయింది. వ్యాకరణమో, చాటుపద్యమో వ్రాయవలసిన పంతులు విమానాశ్రయాల జోలికి పోవడమేమిటని మీరు అనుకోవచ్చు. విషయం మనకంత దూరమైనదేమీ కాదు. వేసవి వచ్చిందంటే మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. పెద్దలందరూ పిల్లల దగ్గరకు అమెరికాకో, ఆస్ట్రేలియాకో, గల్ఫు దేశాలకో ప్రయాణం కడుతున్నారు. తిరిగివచ్చిన తరువాత సాయంకాలం పార్కు బెంచీ మీద కూర్చుంటే నయాగరా జలపాతం గురించి రెండు మాటలు, విమానాశ్రయంలో జరిగిన తనిఖీ గురించి ఇరవై మాటలు చెబుతారు. "దొంగలను చూసినట్లు చూశారండీ", "సంచీలో ఉన్న వైరుముక్కలన్నీ బల్ల మీద ఆరబోశారండీ", "ఆ ఫోనులో ఏముందో, ఆ యంత్రమేమిటో చెప్పలేక చచ్చామండీ". ఇదీ వరస.

వారి పిల్లలను అడిగితే మాట వేరుగా ఉంటుంది. "రూల్స్ అంతే నాన్నా, వాళ్ళు చెప్పినట్లు చెయ్యండి, ఎదురు ప్రశ్న వెయ్యకండి" అంటారు. ఒకరికది అవమానం. మరొకరికి ప్రశ్నించరాని శాసనం. నా అభిప్రాయం ఈ రెంటితోనూ కలవదు. తనిఖీ అవసరమే, అది కఠినంగా ఉండడమూ అవసరమే. ఐతే కారణం చెప్పకుండా నియమాన్ని మాత్రమే చెప్పడం వలన ఆ కఠినత్వం తగలవలసిన వారికి తగలక, అమాయకులకు, అందునా వృద్ధులకు తగులుతున్నది. ఈ లోపం అక్కడి అధికారులలో కొంత, మనలో కొంత ఉన్నది.

ముందు అవసరం సంగతి చూద్దాం. చేతిసంచీలోని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద అంత అనుమానమెందుకు? దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. 1985 జూన్ 23న మన ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం ఐర్లండు తీరానికి చేరువలో, ఆకాశంలోనే ప్రేలిపోయి 329 మంది మరణించారు. వారిలో అత్యధికులు భారతీయ మూలాలు కలవారే. అదే రోజు జపానులోని నరితా విమానాశ్రయంలో మరొక ఎయిర్ ఇండియా విమానానికి ఎక్కించవలసిన పెట్టె ప్రేలి, సామాను మోసే ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ పెట్టెలోని బాంబును ఒక స్టీరియో ట్యూనరులో దాచారు. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీ పట్టణం మీద పాన్ యామ్ 103 విమానం కూలి 270 మంది మరణించినప్పుడు, బాంబు దాగి ఉన్నది ఒక రేడియో క్యాసెట్ ప్లేయరులో. పాటలు వినే పెట్టె మృత్యువును మోసుకొచ్చింది. మనమంతా అప్పట్లో గల్ఫు నుండి వచ్చే బంధువులను అలాంటి పెట్టె తెచ్చిపెట్టమని అడిగినవారమే!

తరువాతి కాలంలో యంత్రాలు చిన్నవయ్యాయి, అనుమానం పెద్దదయింది. 2006 ఆగస్టులో ద్రవరూప పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర బ్రిటనులో బయటపడినప్పుడు, అక్కడి నుండి బయలుదేరేవారు కొన్ని రోజులపాటు లాప్‌టాపునే కాదు, సెల్‌ఫోనును సైతం చేతిలో ఉంచుకోవడానికి వీలులేకపోయింది. 2016 ఫిబ్రవరి 2న సోమాలియాలోని మొగదిషు నుండి బయలుదేరిన విమానంలో లాప్‌టాపులో దాచిన బాంబు ప్రేలింది. విమానం ప్రక్కకు రంధ్రం పడింది. ఆ పని చేసినవాడొక్కడే ఆ రంధ్రంలోనుండి బయటకు పోయి మరణించాడు. మిగిలినవారితో విమానం క్షేమంగా దిగింది. విమానం ఇంకా పూర్తి ఎత్తుకు చేరకపోవడం వారి అదృష్టం.

ఇంత జరిగిన తరువాత "నా లాప్‌టాపును ఎందుకు చూస్తారు?" అని అడగడం న్యాయం కాదు. చూడకపోతే అడగాలి.

ఇక ఆ చూడడం ఎలా జరుగుతుందో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. పాతరకం ఎక్స్‌రే యంత్రం సంచీని ఒకటి రెండు కోణాలనుండి మాత్రమే చిత్రిస్తుంది. తెర మీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులోను, లోహాలు నీలి రంగులోను, నడిమి తరగతివి ఆకుపచ్చగాను కనబడతాయి. లాప్‌టాపులో లోహపు పలకలు, బ్యాటరీ, తీగలు దట్టంగా ఉంటాయి కనుక దాని క్రింద ఏమున్నదీ తెలియదు. చీకటిగదిలో బీరువా వెనుక మనిషి దాగినట్లే. అందువలననే దానిని బయటకు తీసి వేరే ట్రేలో పెట్టమంటారు. కొత్తగా వస్తున్న సీటీ యంత్రాలు ఆసుపత్రిలోని స్కానింగు వలె సంచీ చుట్టూ తిరిగి అన్ని వైపులనుండీ చిత్రం తీస్తాయి. అధికారి ఆ చిత్రాన్ని తెర మీద త్రిప్పి చూడగలడు. అక్కడ లాప్‌టాపు సంచీలోనే ఉండవచ్చు.

మన పెద్దలు ఒక్కొక్కసారి "నా చేతులను గుడ్డముక్కతో తుడిచారు, వేలిముద్రలు తీసుకున్నారేమో" అని కంగారుపడుతుంటారు. అవి వేలిముద్రలు కావు. చేతికి గాని, లాప్‌టాపుకు గాని పేలుడు పదార్థాల రేణువులేమైనా అంటుకొని ఉన్నాయేమోనని ఆ ముక్కను యంత్రంలో పెట్టి చూస్తారు. గ్లిజరిను కలిసిన లేపనాలు రాసుకున్నా, పొలంలో ఎరువులు చల్లిన చేతులతో వెళ్ళినా యంత్రం ఒక్కొక్కసారి పొరబడి మ్రోగవచ్చు. మ్రోగితే మరికొంత వెదకుతారు; ఏమీ లేకపోతే పంపేస్తారు. ఇది మన స్థాలీపులాక న్యాయమే. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టుకున్నట్లు, వరుసలో ఒకరిని పిలిచి చూస్తారు. పట్టుకున్న మెతుకు మీద వంటమనిషికి ప్రత్యేకంగా కక్ష ఉండదు.

ఇంతవరకు వారి పక్షాన మాట్లాడాను. ఇక మన పక్షం.

చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవారికి బహుళగ్రహణం అంటే ఏమిటో తెలుసు. ఒక సూత్రంలో "బహుళంబుగ" అన్న మాట ఉన్నదంటే విద్యార్థికి గుండె దడే. ఆ కార్యం ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట అసలే జరగదు, ఒకచోట జరిగినా జరగకపోయినా సరే, మరొకచోట విధించని వేరే కార్యమేదో జరుగుతుంది. ప్రవృత్తి, అప్రవృత్తి, విభాష, అన్యకార్యం అని నాలుగు విధాలు. విదేశాల విమానాశ్రయాలలో ఎలక్ట్రానిక్ వస్తువుల నియమానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రవృత్తి: అమెరికాలో 2017 జూలైలో ప్రకటించిన నియమం ప్రకారం సెల్‌ఫోనుకంటె పెద్దదైన ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువును సంచీలోనుండి తీసి, పైనా క్రిందా ఏమీ లేకుండా ట్రేలో పెట్టాలి. అప్రవృత్తి: అదే దేశంలో సీటీ యంత్రం ఉన్న వరుసలోను, ముందుగా రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్నవారి ప్రీచెక్ వరుసలోను తీయనక్కరలేదు. తీయబోతే "లోపలే ఉంచు" అని అరుస్తారు. విభాష: ఒకే విమానాశ్రయంలో ఒక వరుసలో పాత యంత్రం, ప్రక్క వరుసలో కొత్త యంత్రం ఉంటాయి. భార్య తీయాలి, భర్త తీయకూడదు. అన్యకార్యం మరీ విచిత్రమైనది. 2014 జూలైలో, కొన్ని విదేశీ విమానాశ్రయాలనుండి అమెరికాకు నేరుగా వెళ్ళేవారు తమ ఫోనునో లాప్‌టాపునో వెలిగించి చూపించాలన్నారు. ఛార్జింగు లేక వెలగని యంత్రాన్ని విమానమెక్కనివ్వరు. 2017 మార్చిలో ఎనిమిది దేశాలలోని పది విమానాశ్రయాలనుండి అమెరికా వెళ్ళే విమానాలలో, సెల్‌ఫోనుకంటె పెద్దవాటిని చేతిసంచీలో ఉంచుకోరాదని నిషేధించారు. హైదరాబాదు నుండి వెళ్ళే తెలుగువారు సాధారణంగా మారే దుబాయి, అబుదాబి, దోహా ఆ పదింటిలో ఉన్నాయి. ఆ ఏడాది జూలైలో నిషేధం ఎత్తివేశారు. అప్పటివరకు మన పిల్లలు లాప్‌టాపులను బట్టల మధ్య చుట్టి పెట్టెలో వేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ప్రయాణించారు.

మన దేశంలోనేమో సెల్‌ఫోను, పవర్ బ్యాంకు కూడా ట్రేలో పెట్టమంటారు. అమెరికాలో సెల్‌ఫోను సంచీలో ఉండవచ్చు. సింగపూరు చాంగీ విమానాశ్రయంలో మూడు టెర్మినళ్ళలో తనిఖీ ద్వారం దగ్గర కాక విమానమెక్కే గేటు దగ్గరే జరుగుతుంది. అంతా అయిపోయిందని నిశ్చింతగా సర్దుకున్నవారు మళ్ళీ విప్పాలి. అమెరికాలో బూట్లు విప్పే నియమం 2001 నాటి బూటు బాంబు ప్రయత్నం తరువాత వచ్చి, చాలా ఏళ్ళు నడిచి, 2025 జూలైలో పోయింది. నేర్చుకున్నది మరచిపోవడం కూడా ఒక చదువే అయింది.

యంత్రాలు ఒక్కరోజులో మారవు కనుక ఈ తేడాలు ఉండక తప్పదు. సూత్రం బహుళమైనప్పుడు విద్యార్థికి వృత్తి చెప్పాలి, ఉదాహరణ చూపాలి. మేము పాఠం చెప్పిన పద్ధతి అది. సూత్రం మాత్రమే బట్టీపట్టించి వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా అక్కయ్యకు డెబ్బది దాటిన తరువాత రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టించారు. 2019లో మనుమరాలిని చూడడానికి ఒంటరిగా అమెరికా వెళ్ళింది. ఇంగ్లీషు రానివారికి మన పిల్లలు చేసే ఏర్పాటు మీకు తెలిసినదే. చక్రాల కుర్చీ మాట్లాడారు. కాళ్ళు బాగానే ఉన్నా, దారి చూపే మనిషి తోడుంటాడని. మా మేనల్లుడు ఫోనులో వారం రోజులు పాఠం చెప్పాడు: "అమ్మా, బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ తీసి ట్రేలో పెట్టాలి. ఏదీ ఒంటి మీద ఉంచుకోకూడదు." మధ్యలో విమానం మారిన ఊళ్ళో ఆమె ఆ మాటను అక్షరాలా పాటించింది. చేతి గడియారం తీసింది, ఫోను తీసింది, చెవులలోని యంత్రాలు రెండూ తీసి ట్రేలో పెట్టింది. ఆ క్షణం నుండి ఆమెకు ఏమీ వినబడలేదు. పేరు పెట్టి పిలిచారట, వినబడలేదు. చెయ్యి ఎత్తమన్నారట, వినబడలేదు. గట్టిగా అరిచారు, అరుస్తున్నారని ముఖాలు చూసి తెలుసుకుంది. విడిగా తీసుకుపోయి నిలబెట్టారు. ఈలోపల ట్రే బల్ల చివరకు పోయింది. కుర్చీ నడిపే మనిషి సంచీ, ఫోను తీసుకున్నాడు. రెండు వినికిడి యంత్రాలలో ఒకటే దొరికింది.

"వాడు చెప్పినట్లే చేశాను కదరా తమ్ముడూ, దాంట్లో బ్యాటరీ ఉంటుంది కదా" అని తరువాత నాతో అన్నది. తర్కం చదువుకున్నవారెవరూ ఆమెలో తప్పు పట్టలేరు. తప్పు లక్షణంలో ఉన్నది. బ్యాటరీ ఉన్నదెల్లా తీయవలసినదే అన్న లక్షణానికి అతివ్యాప్తి దోషం పట్టింది. అమెరికా విమానాశ్రయాల నియమం ప్రకారం వినికిడి యంత్రాన్ని చెవిలోనుండి తీయనవసరం లేదు. తనిఖీ చేసేది సంచీలో దట్టమైన వస్తువు వెనుక ఏమున్నదో చూడడానికని ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే, చెవిలోని గింజంత యంత్రాన్ని ఆమె తీసేది కాదు. వినవలసిన చోటనే ఆమె చెవిటిదయింది. మూడు నెలలు ఒక్క చెవితో మనుమరాలి ముద్దుమాటలు సగం విని, సగం ఊహించుకొని తిరిగివచ్చింది. ఆ యంత్రం ఖరీదు తరువాత కట్టుకోగలిగాము. ఆ మూడు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

కావున "ఎదురు ప్రశ్న వెయ్యకండి" అని పెద్దలకు నేర్పే పిల్లలతో నాకు పేచీ. ఎదురు ప్రశ్న అక్కడ వెయ్యకపోవచ్చు. ఇంటి దగ్గర వెయ్యాలి, మీరు జవాబు చెప్పాలి. నియమం మారినా కారణం తెలిసినవాడు తడబడడు.

కారణం తెలియకపోతే తలక్రిందులుగా కనబడే నియమం ఇంకొకటి ఉన్నది. పవర్ బ్యాంకు ప్రమాదకరమైనదంటారు. మళ్ళీ దానిని పెద్ద పెట్టెలో పెట్టవద్దు, చేతిసంచీలోనే ఉంచుకోమంటారు. "ప్రమాదమైతే దూరంగా పెట్టాలి కదా, ఒళ్ళో పెట్టుకోమంటారేమిటి?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఇంట్లో దీపం ఎక్కడ పెడతాం? నలుగురూ తిరిగే చోట పెడతాం గాని, తాళం వేసిన గాదెలో పెట్టము. లిథియం బ్యాటరీ లోపల వేడెక్కడం మొదలైతే ఒక గది వేడి ప్రక్క గదికి ప్రాకి తనంతట తానే మండుతుంది. సామాను అరలోని అగ్నిమాపక వాయువు పైమంటను అణచినా ఆ లోపలి వేడిని ఆపలేదు. చేతిసంచీలో ఉంటే పొగ వెంటనే కనబడుతుంది. సిబ్బంది నీళ్ళు పోసి చల్లార్చగలరు. అంతే కారణం.

దీనిలో లెక్క కూడా సులువే. వంద వాట్-అవర్లు దాటని పవర్ బ్యాంకును సాధారణంగా అనుమతిస్తారు. వంద నుండి నూట అరవై వరకు విమానసంస్థ అనుమతి కావాలి. ఆపైన ప్రయాణికులకు నిషిద్ధం. పెట్టె మీద మిల్లీ ఆంపియర్-అవర్లు మాత్రమే వ్రాసి ఉంటే, ఆ సంఖ్యను 3.7 చేత గుణించి వెయ్యి చేత భాగించండి. 20,000 అని ఉంటే 74 వాట్-అవర్లు. మీ ఆరవ తరగతి మనుమడి చేత చేయించండి, వాడికీ అభ్యాసమవుతుంది. అంకెలు చెరిగిపోయినదాన్ని మాత్రం తీసుకుపోకండి.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్ నగరపు విమానాశ్రయంలో, బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానం తగులబడింది. అందరూ బయటపడ్డారు. పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చునని దర్యాప్తు అధికారులు చెప్పారు. తరువాత నియమాలు బిగిశాయి. కొరియా విమానాలలో 2025 మార్చి నుండి పవర్ బ్యాంకును తల మీది అరలో పెట్టనివ్వరు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ఏప్రిలు నుండి దానితో ఫోను ఛార్జి చేసుకోరాదు. ఎమిరేట్స్‌లో అక్టోబరు నుండి మనిషికి ఒక్కటే, అదీ వాడరాదు. చైనాలో ఆ దేశపు 3సీ ముద్ర లేని పవర్ బ్యాంకును 2025 జూన్ 28 నుండి దేశీయ విమానాలలోకి తీసుకుపోనివ్వరు. మన బజారులో కొన్నదానికి ఆ ముద్ర లేకపోతే, చైనాలో ఊరు మారేటప్పుడు దానిని అక్కడే వదులుకోవాలి.

ఇక మనలోని లోపం. ఇది కొందరికి కోపం తెప్పించవచ్చు, ఐనా చెబుతాను. ఎవరైనా అమెరికా వెళ్తున్నారని తెలియగానే వీధిలోనివారు పొట్లాలు పట్టుకొని వస్తారు. "మా అబ్బాయికి ఈ చిన్న ప్యాకెట్టు ఇవ్వండి, వాడే వచ్చి తీసుకుంటాడు." పూర్వం అందులో అప్పడాలు, వడియాలు ఉండేవి. ఇప్పుడు పాత ఫోను, హార్డ్ డిస్కు, బాగుచేయించిన లాప్‌టాపు ఉంటున్నాయి. మొగమాటానికి తీసుకుంటాం. అక్కడ అధికారి "ఈ సంచీ మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" అని అడిగితే, మొగమాటానికే అబద్ధం చెబుతాం.

1986 ఏప్రిల్ 17న లండను హీత్రో విమానాశ్రయంలో గర్భవతియైన ఒక ఐర్లండు యువతి ఇజ్రాయెలు వెళ్ళే ఎల్ ఆల్ విమానమెక్కబోయింది. ఆమెను పెండ్లాడతానన్నవాడు ఆమెకొక సంచీ ఇచ్చి పంపాడు. విమానసంస్థ భద్రతాసిబ్బంది ప్రశ్నలు వేసి సంచీ వెదకగా, అడుగున పేలుడు పదార్థం, దానిని ప్రేల్చడానికి అమర్చిన క్యాలిక్యులేటరు దొరికాయి. ఆమెకు ఏమీ తెలియదు. కాబోయే భర్త ఇచ్చిన సంచీయే అట్లా ఉన్నప్పుడు, మూడవ వీధిలోని పెద్దమనిషి ఇచ్చిన సీలు వేసిన పొట్లానికి మనం ఎట్లా పూచీపడతాం? ఆయన మంచివాడే కావచ్చు, ఆయనకు ఎవరిచ్చారో! ఎలక్ట్రానిక్ వస్తువైతే ఎంత దగ్గరివారిదైనా వద్దనాలి. వద్దనడం మర్యాద తప్పడం కాదని మనం ఒకరికొకరం ఒప్పుకోవాలి.

అబద్ధం చెప్పి దాటిపోదామనుకునేవారికి మన పూర్వులు ఘట్టకుటీప్రభాత న్యాయం చెప్పారు. సుంకం ఎగవేయాలనుకొన్న బండివాడు రాత్రంతా అడ్డదారులలో తిరిగి తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా సుంకరి పాక ముందరే తేలాడట. తనిఖీ మనకు కొత్తదేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. ఒక మాషకం పుచ్చుకొని అతడు ముద్ర ఇస్తేనే ప్రయాణికుడు జనపదంలోకి రావాలన్నా, పోవాలన్నా వీలయ్యేది. రాజ్యమున్నచోట సరిహద్దు ఉన్నది, సరిహద్దు ఉన్నచోట శోధన ఉన్నది. శోధన అన్న మాటకు వెదకుట అనే కాదు, శుద్ధిచేయుట అనీ అర్థమున్నది.

ఒక భేదం మాత్రం గుర్తుంచుకోవాలి. విమానమెక్కే ముందు జరిగే భద్రతా తనిఖీ వస్తువు ప్రమాదకరమా కాదా అని చూస్తుంది. మీ ఫోనులోని ఉత్తరాలతో దానికి పని లేదు. అమెరికాలో దిగిన తరువాత సరిహద్దు అధికారులు ఫోను తెరచి లోపలి విషయాలు చూపమనగలరు. అది వేరే అధికారం, వేరే చట్టం. అక్కడి న్యాయస్థానాలలోనే దాని మీద వాదప్రతివాదాలు జరుగుతున్నాయి. ఈ రెంటినీ కలిపి "మన రహస్యాలన్నీ చూస్తారు" అని భయపెట్టడం వలన, చూపవలసినది చూపడానికి కూడా పెద్దలు జంకుతున్నారు.

ప్రయాణమయ్యే పెద్దలకు ఇంటి దగ్గర చెప్పవలసినవి, నాకు తోచినంతవరకు ఇవి.

1. లాప్‌టాపు, టాబ్లెట్టు సంచీలో అన్నిటికంటె పైన ఉండాలి. తీయమంటే ఒక్క చేతితో తీయగలగాలి. తీయవద్దంటే ఊరుకోవాలి.

2. వైర్లు, ఛార్జర్లు ఒక పారదర్శకమైన చిన్న సంచీలో చుట్టి పెట్టాలి. చిక్కుపడిన తీగల గుట్ట తెర మీద ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి వీటి ప్రక్కన పెట్టకూడదు. ముద్దగా ఉన్న పచ్చడిని కూడా ద్రవంగానే లెక్కిస్తారు. అది పెద్ద పెట్టెలో పోవలసినది.

3. ఫోను, లాప్‌టాపు నిండా ఛార్జి చేసి బయలుదేరాలి. వెలిగించి చూపమంటే వెలగాలి.

4. వినికిడి యంత్రం చెవిలోనే ఉంచుకోవాలి. అవసరమైతే చెవి చూపి చెప్పాలి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు డాక్టరిచ్చిన కార్డు చేత పట్టుకొని, యంత్రంలోకి అడుగు పెట్టకముందే చూపాలి. అమెరికాలో చేతులతో తడిమి చూసేటప్పుడు స్త్రీలను స్త్రీలే చూడాలి. చాటుగా గదిలో చూడమని అడిగే హక్కు ఉన్నది. అడగడం నేరం కాదు.

5. విమానం నిండిపోయి, చేతిసంచీని గేటు దగ్గర తీసుకొని సామాను అరలో వేస్తామంటే, ముందు పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు బయటకు తీసుకోవాలి. తొందరలో అందరూ మరచేది ఇదే. మందులు కూడా.

6. ట్రేలు ఎన్ని పెట్టామో లెక్కపెట్టుకొని, అవతల అన్నీ తీసుకున్న తరువాతనే కదలాలి. చక్రాల కుర్చీ నడిపేవారు తొందరపెట్టినా సరే.

7. బాంబు అన్న మాట ఏ భాషలోనూ, హాస్యానికైనా, అక్కడ ఉచ్చరించరాదు. ఆ మాట తెలుగులోనూ అదే మాట!

ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి చేతికివ్వడానికి పది నిమిషాలు పడుతుంది. టిక్కెట్టు కొనడానికి పది వెబ్‌సైట్లు వెదికే పిల్లలకు ఆ పది నిమిషాలు దొరకవా? ఆ కాగితం వెనుక వైపు ఇంగ్లీషులో రెండే వాక్యాలు ఉండాలి: నాకు వినబడదు, నాకు ఇంగ్లీషు రాదు. వరుసలో ముందుగా అది చూపితే అరిచే మనిషి కూడా సైగ చేస్తాడు. నేను చూసినంతలో ఆ బల్లల దగ్గర నిలబడేవారిలో దుర్మార్గులు తక్కువ. రోజుకు వేలమందితో ఒకే మాట చెప్పి విసిగిపోయినవారు ఎక్కువ. నలభై మంది పిల్లలున్న తరగతిలో ముప్ఫై ఏళ్ళు నిలబడినవాడిగా ఆ విసుగును నేనెరుగుదును. ఐతే విసుగు అర్థమైనంత మాత్రాన అరుపు ఒప్పు కాదు. చెవిటివారి మీద అరిచే ఉపాధ్యాయుణ్ణి మనం మెచ్చుకోము కదా.

ఇంకొక కోరిక ఉన్నది. ఏటా ఇంతమంది తెలుగు వృద్ధులను సాగనంపే మన విమానాశ్రయాలలో, లోపలికి వెళ్ళకముందే, తెలుగులో ఒక బొమ్మల పలక పెట్టాలి. మన దగ్గర తనిఖీ ఎలా ఉంటుందో మాత్రమే కాదు, మారే చోట, దిగే చోట ఎలా ఉంటుందో, ఎందుకు అలా ఉంటుందో అందులో ఉండాలి. వినికిడి యంత్రం బొమ్మ గీసి, ప్రక్కన "ఇది తీయనక్కరలేదు" అని వ్రాయాలి. వ్రాసేవారు దొరకకపోతే, పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు ఈ రెండు రాష్ట్రాలలోనూ కావలసినంతమంది ఉన్నారు. పారితోషికం అక్కరలేదు, అక్షరదోషాలు లేకుండా వ్రాసిపెడతాము.

ఉంటాను. సెలవు.